కలాం ఇంట్లో ఒక పడవ ఉండేది

"కలాం ఎదగలేదా? మరి మీకేమైంది?"

సాయిబుల ఇంట పుట్టి నాలుగక్షరాలు నేర్చుకున్న ప్రతివాడూ ఈ ప్రశ్న వినే ఉంటాడు. స్కూలు వార్షికోత్సవంలో ముఖ్య అతిథి అడుగుతాడు. ఆఫీసులో పక్క సీటు మిత్రుడు టీ తాగుతూ అడుగుతాడు. రిజర్వేషన్ల మీద సభ జరుగుతుంటే వెనక వరుసలోంచి ఒకాయన లేచి మరీ అడుగుతాడు. వీళ్లంతా మతోన్మాదులేం కాదు. చాలామంది మంచివాళ్లు. రంజాన్‌కి మన ఇంటికొచ్చి షీర్‌ఖుర్మా తాగి వెళ్లేవాళ్లు. మన జల్సాల్లో మైకు ముందు నిలబడే పెద్దలు కూడా ఇదే ప్రశ్నని ఇంకో గొంతుతో అడుగుతారు. చదువు మీద శ్రద్ధ లేదు, దీన్ మీద శ్రద్ధ లేదు, హోటళ్ల ముందు రాత్రి రెండింటిదాకా కూర్చుంటారు, ఇక బాగుపడేదెట్లా అంటారు.

ఇది ప్రశ్నలా కనిపిస్తుంది గానీ అందులో తీర్పు దాగుంది. ఒకడు ఎక్కాడు కాబట్టి నిచ్చెన అందరికీ ఉన్నట్టే, ఎక్కనివాడిది ఎక్కనివాడి తప్పే అన్నది ఆ తీర్పు. పేదరికంలోంచి కొందరు బయటపడతారు, కొందరు పడలేరు. ఎందుకు? ఈ ప్రశ్నకి మన చుట్టూ మూడు జవాబులు తిరుగుతున్నాయి. నసీబు అని ఒకరు, బద్ధకం అని ఒకరు, మతం అని ఒకరు. ఈ మూడింటికీ ఒక పోలిక ఉంది. మూడూ ఎదగనివాడి ఒంట్లోనే కారణాన్ని వెతుకుతాయి. అతని కాలి కింద ఏముందో చూడవు.

అందుకే వాళ్లు చూపించే పుస్తకాన్నే తెరిచి చదువుదాం. కలాం ఆత్మకథ 'వింగ్స్ ఆఫ్ ఫైర్' 1999లో వచ్చింది. అరుణ్ తివారీతో కలిసి రాసిన ఈ పుస్తకం తెలుగులోకి కూడా వచ్చింది. పిల్లలకి బహుమతిగా ఇచ్చే పుస్తకాల్లో దీనిది ముందు వరుస. అయితే మన దగ్గర ఈ పుస్తకాన్ని చదివినవాళ్ల కంటే ఊపినవాళ్లు ఎక్కువ. పేపర్లు వేసిన పిల్లవాడు రాష్ట్రపతి అయ్యాడన్న ఒక్క వాక్యంగా దాన్ని కుదించేశారు. ఆ వాక్యం అబద్ధం కాదు. కానీ పుస్తకంలో ఉన్నది అంత మాత్రమే కాదు.

పుస్తకం మొదటి పేజీల్లో ఏముంది? రామేశ్వరంలో సున్నమూ ఇటుకా వేసి కట్టిన పెద్ద ఇల్లుంది. అది తాతముత్తాతల నాటిది. తండ్రి జైనులాబ్దీన్‌కి పెద్ద చదువూ లేదు, పెద్ద ఆస్తీ లేదు. అయినా ఇంట్లో తిండికీ బట్టకీ మందుకీ లోటు లేదని కలామే రాసుకున్నాడు. తల్లి వైపు పూర్వీకుల్లో ఒకరికి బ్రిటిష్ వాళ్లిచ్చిన 'బహదూర్' బిరుదుంది. ఊళ్లో ఆ ఇంటికి మర్యాద ఉంది. రామేశ్వరం గుడి పెద్ద పూజారి తండ్రికి ఆప్తమిత్రుడు. తండ్రి చెక్కతో పడవ కట్టాడు. రామేశ్వరం నుంచి ధనుష్కోటికి యాత్రికుల్ని చేరవేసే పడవ అది.

పడవ! దాని దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. పడవ అంటే రోజూ డబ్బు తెచ్చే సొంత సాధనం. అది ఒకరి దగ్గర కూలి కాదు. రేపు రావద్దని చెప్పే మేస్త్రీ లేడు. కలాం పేదవాడే. కానీ పడవ ఉన్న పేదవాడు. పడవ ఉన్న పేదవాడికీ, పడవ మీద రోజు కూలికి పోయే పేదవాడికీ మధ్య ఉన్న దూరం, బయటి నుంచి చూసేవాడికి కనబడదు. లోపలున్నవాడికి అది ఒక జీవితమంత దూరం.

పేపర్ల కథ కూడా అంతే. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో రామేశ్వరం స్టేషన్లో రైలు ఆగడం మానేసింది. పేపర్ల కట్టల్ని కదిలే రైల్లోంచి విసిరేవాళ్లు. ఆ కట్టలు అందుకోవడానికి పిల్లవాడు కావలసి వచ్చాడు. ఆ పని ఇచ్చింది ఎవరు? శంసుద్దీన్. కలాం బంధువు. రామేశ్వరంలో పేపర్ల పంపిణీ ఆయన చేతిలో ఉండేది. మొదటి సంపాదన బంధువు చేతిమీదుగా వచ్చింది. చదువుకోమని వెంటపడిన అహ్మద్ జలాలుద్దీన్ ఉన్నాడు. ఇంటికి పిలిచి అన్నం పెట్టిన శివసుబ్రహ్మణ్య అయ్యరు ఉన్నాడు. రామనాథపురం ష్వార్ట్జ్ హైస్కూల్లో ఇయాదురై సాల్మన్ ఉన్నాడు. ఒక ముస్లిం పిల్లవాడి వెనక ఒక బ్రాహ్మణ మాస్టారూ ఒక క్రైస్తవ మాస్టారూ నిలబడ్డారు.

ఇక మద్రాసు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో సీటొచ్చింది. చేరడానికి వెయ్యి రూపాయల దాకా కావాలి. తండ్రి దగ్గర లేవు. అక్క జోహ్రా తన బంగారు గాజులూ గొలుసూ తాకట్టు పెట్టింది. చదువు అయ్యాక వైమానిక దళంలో చేరాలని డెహ్రాడూన్ వెళ్లాడు. ఎనిమిది మందిని తీసుకున్నారు, ఆయనది తొమ్మిదో స్థానం. జీవితమంతా కన్న కల అక్కడితో పోయింది. కానీ మరో తలుపు తెరిచే ఉంది. ఢిల్లీలో రక్షణ శాఖ సాంకేతిక విభాగంలో ఉద్యోగం 1958లో వచ్చింది. నెలకి 250 రూపాయలు మూల జీతం. అది సర్కారు ఉద్యోగం. ఆ తర్వాత ఆయన పనిచేసిన పెద్ద సంస్థలన్నీ జనం పన్నులతో నడిచేవే.

ఇదంతా కలాం కష్టాన్ని తక్కువ చేయడానికి చెప్పడం లేదు. ఆయన కష్టం ఆయనదే. తనకి ఆసరా ఇచ్చిన ప్రతి చేతినీ పేరుపెట్టి చెప్పుకున్న మనిషి ఆయన. ఆ పేజీల్ని చింపి మనకి ఇచ్చినవాళ్లతోనే మన తగాదా. ఇల్లు, పడవ, బంధువు ఇచ్చిన పని, మాస్టార్ల ఆదరణ, అక్క గాజులు, సర్కారు సంస్థ. ఆరు మెట్లు లెక్కకొచ్చాయి. ఆరూ కలిస్తే ఒక నిచ్చెన. నిచ్చెనని దాచిపెట్టి మనిషిని మాత్రమే చూపిస్తే అది స్ఫూర్తి కాదు, వెక్కిరింత.

ఇంకో మాట. జోహ్రా గాజులు ఫీజుకే వెళ్లాయి. ఆస్పత్రికి వెళ్లలేదు. చెల్లెలి పెళ్లిలో జోడేకి రకమ్ కట్టడానికి వెళ్లలేదు. అల్లర్లలో కాలిపోయిన దుకాణం మళ్లీ తెరవడానికి వెళ్లలేదు. పోలీసులు పట్టుకెళ్లిన కొడుకు కోసం వకీలు ఫీజుకి వెళ్లలేదు. మన బస్తీల్లో ఎన్ని జతల గాజులు మార్వాడీ దుకాణం మెట్లెక్కాయో, అవి ఏ పని మీద ఎక్కాయో లెక్క రాస్తే, మనం ఎందుకు ఎదగలేదన్న ప్రశ్నకి సగం జవాబు ఆ ఖాతా పుస్తకంలోనే దొరుకుతుంది.

ఈ మాట ఉద్వేగంతో చెబుతున్నది కాదు. లెక్కలున్నాయి. అనిరుధ్ కృష్ణ అనే పరిశోధకుడు అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని మూడు జిల్లాల్లో 36 ఊళ్లు తిరిగి చేసిన అధ్యయనం 2006లో అచ్చయింది. 25 ఏళ్లలో ఆ ఊళ్లలో 14 శాతం కుటుంబాలు పేదరికం నుంచి బయటపడ్డాయి. అదే కాలంలో 12 శాతం కుటుంబాలు కొత్తగా పేదరికంలోకి జారిపోయాయి. ఈ రెండో అంకె మన ఉపన్యాసాల్లో ఎప్పుడూ వినపడదు. ఎక్కేవాళ్ల ఫోటోలు పేపర్లో పడతాయి. జారేవాళ్ల ఫోటోలు పడవు.

ఆయన చూపించిన అసలు సంగతి ఇంకోటి ఉంది. ఎక్కడానికి కారణాలు వేరు, జారడానికి కారణాలు వేరు. పట్నంలో చిన్నపాటి పని దొరికితేనో, ఇంకో ఆదాయం తోడైతేనో, చేలోకి నీళ్లొస్తేనో కుటుంబం ఎక్కింది. పెద్ద జబ్బు చేస్తే, పెళ్లికీ చావుకీ అప్పు చేస్తే, ఆ అప్పు వడ్డీ మీద వడ్డీ అయితే జారింది. అంటే తాగుబోతుతనం, బద్ధకం అని మనం తేలిగ్గా అనేసేవాటి కంటే మందుల చీటీ ఎక్కువ ఇళ్లని కూల్చింది. కష్టపడేవాడు కూడా జారతాడు. కష్టపడినా సరే జారతాడు.

మరి ఎక్కడానికి ఎంత కావాలి? దీనికి బంగ్లాదేశ్ నుంచి ఒక జవాబుంది. అక్కడ బ్రాక్ అనే సంస్థ 2007లో పల్లెల్లోని నిరుపేద ఆడవాళ్లకి బతుకుతెరువు సాధనాలు ఇచ్చింది. ఎక్కువమంది ఆవుల్ని కోరుకున్నారు. మైత్రీష్ ఘటక్, ఒరియానా బందియేరా తదితర ఆర్థికవేత్తలు 1309 ఊళ్లలో 23,000 కుటుంబాల్ని 11 ఏళ్ల పాటు గమనించి, 2022లో తమ ఫలితాలు ప్రచురించారు. అందరికీ ఇచ్చింది దాదాపు ఒకటే. కానీ అంతకు ముందే ఇంట్లో కాస్త ఏదో ఉన్న ఆడవాళ్లు ఆ ఆవుతో పైకి నడిచారు. ఏమీ లేనివాళ్లు మెల్లమెల్లగా పాత చోటికే జారారు. ఆవు ఒక్కటే సరిపోదు. పాలు బజారుకి చేర్చే బండి లాంటివి కూడా ఉండాలి. నడుమ ఒక గీత ఉంది. ఆ గీత దాటితే సంపాదన సంపాదనని పెంచుతుంది. దాటకపోతే వచ్చింది వచ్చినట్టే కరిగిపోతుంది. గీత కింద ఉన్నవాళ్లలో ఎక్కువమందికి మెరుగైన పని చేసే సత్తా ఉందనీ, లేనిది సాధనమేననీ ఆ పరిశోధకులు తేల్చారు.

మతమే కారణమని చెప్పే మిత్రులు ఇక్కడ ఆగి ఆలోచించాలి. బంగ్లాదేశ్‌లో ఎక్కువమంది ముస్లింలే. ఎక్కినామెదీ జారినామెదీ ఒకే ఊరు, ఒకే అజాన్. తేడా వాళ్ల నమాజులో లేదు. ఇంట్లో బండి ఉందా లేదా అన్నదాంట్లో ఉంది.

రామేశ్వరం పడవ ఆ గీతకి పైన ఉంది. మన కథ ఆ గీతకి కిందకి ఎలా వచ్చిందన్నదే ఇప్పుడు చూడాలి.

తెలంగాణ ముస్లిం అనగానే మన సెక్యులర్ మిత్రుల ఊహలో నవాబు వారసుడు వస్తాడు. తాతలు నేతులు తాగారు, మనవలు మూతులు నాకుతున్నారు అన్న సామెత మా కోసమే పుట్టినట్టు వాడతారు. జాగీర్దార్లు ఉన్నమాట నిజమే. కానీ ఎంతమంది? జాగీరులో వంటవాడు, పంఖా లాగేవాడు, నిజాం ఫౌజులో సిపాయి, కచేరీలో దఫ్తరీ, కోర్టులో ఉర్దూ నకలు రాసే గుమాస్తా, జట్కా తోలేవాడు, వీళ్లు కదా అసలు ఖౌమ్. 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ జరిగింది. రజాకార్ల దౌర్జన్యం నిజం, దాన్ని దాచాల్సిన పని లేదు. కానీ దానికి మూల్యం చెల్లించినవాళ్లలో రజాకార్లు కానివాళ్లే ఎక్కువ. నెహ్రూ ప్రభుత్వం పంపిన పండిట్ సుందర్‌లాల్ బృందం, తక్కువలో తక్కువ 27,000 నుంచి 40,000 మంది చనిపోయారని అంచనా వేసింది. ఆ నివేదిక జనం చదవడానికి అందింది 2013లో.

చనిపోయినవాళ్ల సంగతి అది. బతికినవాళ్ల కాలి కింద నేల ఏమైంది? ఫౌజు రద్దయింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. జాగీర్లు పోవలసినవే. కానీ జాగీర్దారుకి పరిహారం వచ్చింది. జాగీర్దారు వంటవాడికి ఏం వచ్చింది? కచేరీ భాష ఉర్దూ నుంచి మారింది. ఉర్దూలో ముప్పై ఏళ్లు నకళ్లు రాసిన గుమాస్తా ఒక్క పొద్దుటికి చదువురానివాడయ్యాడు. నిన్నటిదాకా అతని ఇంట్లో ఉన్న చదువు ఇవాళ చెల్లని నోటయింది. తండ్రి అక్షరం చెల్లకపోతే కొడుకుని బడికి పంపాలన్న నమ్మకం ఎక్కణ్నుంచి వస్తుంది? పంక్చర్ షాపులో పెడితే సాయంత్రానికి పది రూపాయలైనా చేతికొస్తాయి. దాన్ని చదువు మీద అశ్రద్ధ అంటున్నారు. అది అనుభవం నేర్పిన లెక్క. కలాం ఇంటి భాషా, బడి భాషా, బజారు భాషా తమిళమే. ఆ మెట్టు ఆయన కాలి కింద నుంచి ఎవరూ లాగలేదు.

కోస్తాలో, రాయలసీమలో నవాబుల వాసన కూడా తగలని ముస్లింలు ఉన్నారు. దూదేకులవాళ్లనే తీసుకోండి. నూర్‌బాషా, పింజారి, లద్దాఫ్ అని ఊరికో పేరు. మాట్లాడేది తెలుగు. భుజాన ధనువు వేసుకుని ఊరూరూ తిరిగి దూది ఏకి పరుపులు కుట్టినవాళ్లు. ఊరివాళ్లకి వీళ్లు సాయిబులు, సాయిబులకి వీళ్లు సగం సాయిబులు. దూది ఏకే మిషన్లు వచ్చాయి, తర్వాత ఫోం పరుపులు వచ్చాయి. ధనువు గోడకెక్కింది. ఎవరి బద్ధకం వల్ల? ఏ నసీబు వల్ల? మిషన్ కొనగలిగిన నలుగురు పరుపుల షాపులు పెట్టారు. కొనలేని నలభైమంది కూలికి పోయారు. ఆ నలుగురికీ ఈ నలభైమందికీ మధ్య తేడా గుణంలో లేదు. మిషన్ ఖరీదులో ఉంది.

వాళ్లకి 1970లో బీసీ జాబితాలో చోటు దొరికింది. బీసీ-బి. మెహతర్లకి బీసీ-ఎ. మిగిలిన పేద ముస్లింలు ఇంకో 37 ఏళ్లు ఆగాలి. 2004లో ఇచ్చిన 5 శాతాన్ని హైకోర్టు కొట్టేసింది. 2005లో మళ్లీ కొట్టేసింది. పి.ఎస్. కృష్ణన్ నివేదిక మీద 2007లో బీసీ-ఇ పేరుతో 4 శాతం చట్టం వచ్చింది. 2010లో దాన్నీ హైకోర్టు కొట్టేస్తే, సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలబడింది. 2017లో తెలంగాణ శాసనసభ 12 శాతానికి పెంచుతూ చేసిన బిల్లు ఢిల్లీ ఆమోదానికే నోచుకోలేదు. ఒక్క మెట్టు వేయడానికి ఇంత రభస. దాని మీద కాలు పెట్టినవాడు ప్రతి తీర్పు రోజూ, మెట్టు ఉంటుందా ఊడుతుందా అని వణకాల్సిందే.

ఇక గల్ఫ్. మన కాలంలో ఖౌమ్‌కి దొరికిన పెద్ద నిచ్చెన ఇదే. 1973 తర్వాత చమురు ధర పెరగడంతో జిద్దా, కువైట్, దుబాయ్ దారులు తెరుచుకున్నాయి. పాతబస్తీ, నిజామాబాద్, కరీంనగర్, కడప నుంచి మనుషులు విమానం ఎక్కారు. ఎక్కినవాళ్లెవరు? ఏజెంటుకి కట్టడానికి పొలమో నగో ఉన్నవాడు. లేదంటే అక్కడే ఉండి వీసా పంపే బావమరిది ఉన్నవాడు. మొదటివాడు వెళ్తే వాడి వెనక పదిమంది వెళ్లారు. మొదటివాడే లేని గల్లీలో అందరూ ఇక్కడే ఉండిపోయారు. వెళ్లినవాడు పక్కా ఇల్లు కట్టాడు, చెల్లెళ్ల పెళ్లిళ్లు చేశాడు. బాగుంది. 1990 ఆగస్టులో కువైట్ మీద ఇరాక్ దాడి చేస్తే కట్టుబట్టలతో తిరిగొచ్చాడు. 2017లో సౌదీ ప్రభుత్వం ఇంట్లో ఒక్కొక్క మనిషికి నెలకి 100 రియాళ్ల పన్ను వేసి, ఏడాదికో వంద పెంచుకుంటూ పోతే భార్యాపిల్లల్ని వెనక్కి పంపాడు. నిచ్చెన ఉంది, కానీ దాన్ని పట్టుకున్న చెయ్యి మనది కాదు.

ఇక్కడే ఉన్నవాడి సంగతి చూడండి. డిగ్రీ ఉంది, ఇంగ్లీషు వచ్చు, అర్జీ పెట్టాడు. సుఖ్‌దేవ్ థోరట్, పాల్ అటెవెల్ అనే పరిశోధకులు పేపర్లలో వచ్చిన ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకి ఒకే అర్హతలతో, వేర్వేరు పేర్లతో అర్జీలు పంపి, 2007లో ఆ ఫలితాలు అచ్చువేశారు. అగ్రకుల హిందూ పేర్లు, దళిత పేర్లు, ముస్లిం పేర్లు. దళిత పేరుకి పిలుపు తగ్గింది. ముస్లిం పేరుకి ఇంకా తగ్గింది. మనిషిని చూడలేదు, గడ్డం చూడలేదు, టోపీ చూడలేదు. పేరు చూశారు. ఉద్యోగం వద్దు, వ్యాపారం చేసుకుందామంటే, ముస్లింలు ఎక్కువగా ఉండే బస్తీల్ని కొన్ని బ్యాంకులు అప్పివ్వకూడని ప్రాంతాలుగా గుర్తు పెట్టుకున్నాయని సచార్ కమిటీ 2006లో రాసింది. బ్యాంకు గడప దొరకనివాడు రోజువారీ వడ్డీ గడప తొక్కుతాడు. వడ్డీ హరామ్ అని నమ్మే మనిషి పొద్దున వెయ్యి తెచ్చి సాయంత్రం వడ్డీతో కట్టి, తోపుడు బండి తోసుకుంటూ ఇంటికి వస్తాడు.

అదే సచార్ నివేదిక, జనాభాలో 13.4 శాతం ఉన్న ముస్లింలు ఐఏఎస్‌లో 3 శాతం, ఐపీఎస్‌లో 4 శాతం మాత్రమే ఉన్నారని చెప్పింది. మన పిల్లలంతా మదర్సాల్లోనే మగ్గుతున్నారన్న కథకి కూడా అదే జవాబు ఇచ్చింది. మదర్సాకి పోయేది నూటికి ముగ్గురో నలుగురో. మిగిలినవాళ్లు బడికి పోతున్నారు, లేదా ఎక్కడికీ పోవడం లేదు. తరాల మధ్య ఎదుగుదలని లెక్కించిన ఆషర్, నోవోసాద్, రాఫ్కిన్‌ల అధ్యయనం, గత దశాబ్దాల్లో పేద దళిత కుటుంబాల పిల్లలు తండ్రుల కంటే పైకి వెళ్లే అవకాశం పెరిగిందనీ, పేద ముస్లిం పిల్లలకి అది తగ్గిందనీ చూపింది. దీన్ని దళితులతో పోటీగా చదివేవాళ్లున్నారు. అది తప్పు చదువు. అంబేడ్కర్ కొట్లాడి వేయించిన మెట్లు పనిచేశాయని అందులోంచి నేర్చుకోవాలి. మెట్టు వేస్తే మనిషి ఎక్కుతాడు. అంతకు మించిన రహస్యం ఇందులో లేదు.

ఇప్పటిదాకా బయటివాళ్లతో మాట్లాడాం. ఇప్పుడు ఇంట్లోవాళ్లతో.

ఇస్లాంలో కులం లేదు అని మన పెద్దలు అంటారు. గ్రంథంలో లేదు, ఒప్పుకుందాం. పెళ్లి సంబంధంలో లేదా? 2007 చట్టంలోని జాబితా చూడండి. అచ్చుకట్లవాళ్లు, అత్తరు సాయిబులు, ధోబీలు, ఫకీర్లు, గారడీవాళ్లు, హజామ్‌లు, ఖురేషీలు. సయ్యద్, మొగల్, పఠాన్‌లని బయట పెట్టారు. ఆ కాగితం మనకి అద్దం. ఖౌమ్ తరఫున మాట్లాడేది ఎవరు, ఖౌమ్‌లో ఆకలితో ఉన్నది ఎవరు అని అడిగితే రెండు వేర్వేరు వరసలు వస్తాయి. వేదిక మీద షేర్వానీ, వేదిక కింద పకీరోళ్లు. మా కష్టాల అంకెలు చూపించి పైవాళ్లు పదవులు అడుగుతారు, పదవులు వచ్చాక అంకెలు మళ్లీ మా దగ్గరికే వస్తాయి.

వక్ఫ్ సంగతి. దేశంలో 4.9 లక్షల వక్ఫ్ ఆస్తులు, 6 లక్షల ఎకరాలు, బజారు ధరలో 1.2 లక్షల కోట్లు అని సచార్ లెక్కగట్టింది. సరిగ్గా వాడితే ఏడాదికి 12,000 కోట్లు వస్తాయంది. అప్పుడు వస్తున్నది 163 కోట్లు. సర్కారు ఆక్రమించింది నిజం, బయటివాళ్లు మింగింది నిజం. ముతవల్లీలు అమ్ముకున్నది అబద్ధమా? పేదవాడి ఫీజుకీ మందుకీ అని తాతలు రాసిచ్చిన నేల అది. ఖౌమ్ మొత్తానికి దేవుడి పేరుమీద ఉన్న పడవ అది. దాన్ని మునగనిచ్చి, మునిగిపోతున్న పిల్లవాడికి ఈత రాదని తిడుతున్నాం.

జోడేకి రకమ్ గురించి ఏ జల్సాలో గట్టిగా మాట్లాడారు? షరీయత్ మెహర్ ఇవ్వమంది, తీసుకోమనలేదు. పెళ్లి అప్పుతో ఇల్లు కూలుతుందని 36 ఊళ్ల లెక్క చెబుతుంటే, మనం ఫంక్షన్ హాలు అద్దె కోసం వడ్డీకి తెస్తున్నాం.

ఇంకా ఆడవాళ్లు. లాడ్ బజార్ గాజులకి రాళ్లు అతికేది, చీరలకి జరీ కుట్టేది, బీడీలు చుట్టేది ఆపాలూ ఖాలాలే. గడప దాటకుండా, డజనుకింతని, వెయ్యికింతని. గడప దాటి సరుకు అమ్మేది దలాలి. పని ఆమెది, బజారు అతనిది. ఇల్లు జారకుండా ఆపుతున్నది ఆమె చేతివేళ్లు. అయినా ఎదిగినవాళ్ల కథల్లో ఆమె ఉండదు. కలాం పుస్తకాన్ని ఊపేవాళ్లలో ఒక్కరైనా జోహ్రాకి కూడా చదువుకోవాలని ఉండేదా అని అడిగారా? మెట్టుగా మారినవాళ్లు ఎక్కడున్నారని అడగకుండా, ఎక్కినవాళ్లని పొగిడే అలవాటు మనకీ ఉంది.

చివరగా మన సాహిత్యం. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చాక, 1998లో 'జల్‌జలా' సంకలనం వచ్చాక తెలుగులో ముస్లిం తన గొంతుతో మాట్లాడాడు. అంతకు ముందు తెలుగు కథలో సాయిబు అంటే జట్కావాడు, దర్జీ, తాయెత్తు కట్టేవాడు. నమ్మకస్తుడు, నవ్వించేవాడు, చివరికి చచ్చిపోయేవాడు. ఆ బొమ్మని మన కవులూ కథకులూ బద్దలు కొట్టారు. అనుమానపు చూపుల్నీ అవమానాన్నీ అల్లర్లనీ రాశారు. అది చిన్న పని కాదు.

కానీ పేదరికాన్ని రాసేటప్పుడు మనం కన్నీటి దగ్గర ఆగిపోతున్నాం. మన కథల్లో అమ్మీ పస్తులుంటుంది, అబ్బా దగ్గుతుంటాడు, పండక్కి కొత్త బట్టలుండవు. చదివినవాడు అయ్యో అంటాడు. అయ్యో అన్నవాడే రేపు సభలో లేచి కలాం ఎదగలేదా అని అడుగుతాడు. ఎందుకంటే ఆ కథలో లెక్క లేదు. అబ్బా దగ్గుకి ఎంత ఖర్చయింది, ఎవరి దగ్గర తెచ్చారు, నూటికి ఎంత, దేన్ని అమ్మి కట్టారు, పక్కింటివాడు అదే జబ్బు నుంచి ఎలా బయటపడ్డాడు, వాడికి ఎవరున్నారు? ఈ ప్రశ్నలు కథలోకి రావాలి. పాఠకుడి జాలి మనకి చాలింది, ఇప్పుడు వాడికి కారణం అర్థం కావాలి. ఎక్కినవాళ్ల కథలు కూడా మనమే రాయాలి. గాజులతో సహా, పడవతో సహా.

సెక్యులర్ మిత్రులకి ఒక మనవి. కొందరే ఎందుకు ఎక్కారని అడిగినంత కాలం మీకు వ్యక్తులే కనబడతారు. జారుతున్నప్పుడు ఎవరికి ఆసరా దొరికింది, ఎవరికి దొరకలేదు అని అడగండి. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చినప్పుడు గుండె ఆపరేషన్‌కి ఇల్లు అమ్ముకోవాల్సిన పని తప్పిన కుటుంబాలున్నాయి. అవి పేపర్లో విజయగాథలు కాలేదు. జారకపోవడం వార్త కాదు గనక. కానీ ఒక ఇల్లు జారకపోవడమే ఆ ఇంటి పిల్ల కాలేజీకి పోవడానికి మొదటి మెట్టు. మరోవైపు 2022లో ఏం జరిగింది? మైనారిటీ పరిశోధక విద్యార్థులకి ఇచ్చే మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ని కేంద్రం ఎత్తేసింది. ఎనిమిదో తరగతి దాకా మన పిల్లలకి ఇచ్చే స్కాలర్‌షిప్ ఆపేసింది. కలాం కాలి కింద ఉన్న మెట్ల లాంటివే అవి. అవి తీసేసిన ఏలికలే ఏటా కలాం ఫోటోకి దండ వేస్తున్నారు.

కలాం కావాలని మన పిల్లలకి చెప్పడం ఆపక్కర్లేదు. చెప్పండి. పడవ సంగతి కూడా చెప్పండి. పడవ ఎవరి దగ్గర ఉంది, ఎవరి దగ్గర నుంచి పోయింది, ఎవరు ముంచారు, ఎవరు అమ్ముకున్నారు అన్నది చెప్పండి. పిల్లలు తమని తాము తిట్టుకోవడం మానేసి, మా పడవ ఏదీ అని అడగడం నేర్చుకుంటారు.